సగంలో కోసిన చీర

మనసు బాగా లేదని చెప్పుకుంటూ ఎవరూ నా దగ్గరికి రాలేదు. నడుం గుంజుతోందని వచ్చారు, అరికాళ్లు మండుతున్నాయని వచ్చారు, తలలో చీమలు పాకుతున్నాయని వచ్చారు. వనపర్తిలో నాకు ఒక గది ఇచ్చిన డాక్టరుగారిది పెద్ద మనసే గాని, ఓపిక బొత్తిగా లేదు. తన పరీక్షల్లో ఏ రోగమూ దొరకని వాళ్లను "పక్క గదిలో అమ్మ ఉంది, పోయి మాట్లాడండి" అని నా మీదికి తోసేవారు. వాళ్లు వచ్చి కూర్చుని, నాడి చూస్తానేమోనని చెయ్యి చాపేవాళ్లు. నేను నాడి చూడను, మందులు రాయను, మాట్లాడతాను అంతే అంటే ముఖం చిన్నబుచ్చుకుని, "ఉత్త మాటలేనా అమ్మా, సూది లేదా?" అని అడిగేవాళ్లు.

ఎనభైలు పోయి తొంభైలు వస్తున్న కాలం అది. హైదరాబాదులో మనస్తత్వశాస్త్రం చదివి, పెద్ద పిచ్చాసుపత్రిలో రెండేళ్లు పని నేర్చుకుని, పట్నంలో నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారు, పాలమూరు మట్టిలో ఒక్కరూ లేరు అని అందరితో వాదించి వచ్చేశాను. నాగర్‌కర్నూలులో మా అమ్మ ఆ వాదనంతా విని ఒక్కటే మాట అంది.

"ఇంట్ల నీ మాటలు వినెటోళ్లు లేక గద ఈ సదువు సదివినవ్. ఇగ ఊర్ల మీద పడ్డవా?"

అమ్మ అన్నది ఉత్త వేళాకోళం కాదు. నాకు మౌనం పడదు. ఎదుటి మనిషి ఒక్క నిమిషం ఊరకుంటే నా నాలుకకు దురద పుడుతుంది. నాకు పని నేర్పిన పెద్దాయన "వాళ్లకు కొంచెం జాగా ఇవ్వమ్మా, ఆ జాగాలోకి వాళ్లే వస్తారు" అని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నేను తల ఊపి, ఆ జాగా నిండా నా మాటలే పరిచేదాన్ని. మాట్లాడించడం నా వృత్తి అనుకున్నానే తప్ప, మాట్లాడనివ్వడం అనే సంగతి ఒకటుందని నాకు తోచలేదు. అది తోచింది గద్వాలలో, ఒక నేతవాళ్ల ఇంట్లో. నేర్పినావిడకు సంతకం పెట్టడం కూడా రాదు.

మంగళవారం మంగళవారం నేను గద్వాలకు పోయేదాన్ని. వనపర్తిలో పొద్దున్నే బస్సెక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణకు ఒక దండం పెట్టి, ఎర్రవల్లి చౌరస్తాలో ఇంకో బస్సు కోసం నిలబడి, అక్కడ బస్సుల రాకపోకల గురించి ఎవరితోనో ఒకరితో కొట్లాడి, తొమ్మిదింటికల్లా దిగేదాన్ని. కోట దగ్గర ఒక మందుల దుకాణం వెనక గదిలో రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేదాన్ని. పిచ్చి డాక్టరమ్మ అని పేరు పడింది. పిచ్చికి డాక్టరమ్మనా, పిచ్చిదైన డాక్టరమ్మనా అని నేను అడగలేదు.

మన దగ్గర మనసుకు రెండే ఊళ్లు. ఒకటి, మంచిగున్నది. రెండు, పిచ్చి లేసింది. నడుమ స్టేజీలు లేవు. ఇక్కడ ఎక్కితే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలోనే దిగాలి. దుఃఖం, భయం, అనుమానం, అలసట అన్నవి ఆ దారిలో ఊళ్లుగా ఉన్నాయని, అక్కడ దిగి నాలుగు రోజులుండి వెనక్కి రావచ్చునని చెబితే చదువుకున్నవాళ్లే నమ్మేవాళ్లు కాదు.

ఒక మంగళవారం అరవై దాటిన ముసలమ్మ వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కింద గోడకు ఆనుకుని కూర్చుంది.

"నా కోడలు మాట్లాడ్తలేదు" అంది.

"మీతోనా?"

"నాతోని మాట్లాడకుంటే నేనెందుకొస్త? బతికిపోదును గద నేను. ఎవ్వర్తోని మాట్లాడ్తలేదు. కోడిని అదిలించనీకి గుడ నోరు తెరుస్తలేదు."

సంగతి ఇది. కోడలికి ముప్పై ఏళ్లుంటాయి. పెళ్లయిన చాలా ఏళ్లకు నిలిచిన కడుపు. తొమ్మిదో నెల దాకా మొగుడి పక్కన కూర్చుని మగ్గం నేసింది. గద్వాల చీర ఒక్కరు నేసేది కాదు. ఒంటి నూలుకు అడ్డపోగు లాగే నాడె ఒకటి, రెండు పట్టంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు తిరగాలి. అందుకని మగ్గం గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఆ ఇంట్లో ఆ ఇద్దరూ మొగుడూపెళ్లాలే. నొప్పులొస్తే దవాఖానకు తీసుకుపోయారు. బిడ్డ ప్రాణం లేకుండానే పుట్టింది. తల్లికి చూపించలేదు. చూపిస్తే దిగులు పట్టుకుంటుందని, మళ్లీ కడుపు నిలవదని ఇళ్లల్లో నమ్మకం. ఆమె ముందు ఆ మాటే ఎత్తవద్దని అందరూ అనుకున్నారు. ఇరవై ఒకటో రోజున నీళ్లు పోసి, మైల తీరిందని మగ్గం దగ్గరికి పంపారు.

"పోయి కూసున్నది. కూసున్నకాన్నుంచి నోరు మూసుకున్నది. నెల మీద పదొద్దులాయె."

ఇప్పుడు యాభై దాటిన నేను ఆ మాట దగ్గర ఆగుతాను. ఇరవై ఒక్క రోజులు మాట్లాడిన మనిషి మగ్గం మీద కూర్చోగానే ఎందుకు ఆగిపోయిందమ్మా అని ఒక్క ప్రశ్న అడుగుతాను. అప్పుడు అడగలేదు. నాకు అప్పటికే అర్థమైపోయింది కదా. బిడ్డ పోయిన దుఃఖం, పచ్చి ఒళ్లు ఆరకముందే పనిలోకి తోసిన అత్తగారిల్లు, నోరు లేని మొగుడు. పాఠం నా చేతిలో రాసిపెట్టి ఉంది.

ముసలమ్మ అసలు భయం అది కూడా కాదు.

"నా పెద్దకొడుకు ఒక్కటే తీర్గ అంటుండు. మగ్గానికి ఇద్దరు కావాలె, ఒక్కడు నేసేది కాదు ఇది, ఈ పడుగు అయిపోయేదాంక చూస్తం, గప్పటికి గుడ నోరు తెరవకుంటే ఆమెను అయిజ ఊర్ల తల్లిగారింటికి తోలి, తమ్మునికి ఇంకొక పిల్లను చూస్తమని. దాని అన్న ఉన్నడు అయిజల. మంచోడే, గని తెలివి తక్కువ. దయ్యం పట్టిందంటుండు. గొలుసులేసి నలభై దినాలు కట్టేసే జాగ ఒకటి ఉన్నదంట నది అవుతల. ఆడికి కొంటవోతడంట."

"పడుగు ఇంకా ఎంత ఉంది?"

"మూడు చీరెలు రావాలె. రెండే వస్తయి" అంది. ఎందుకో ముఖం పక్కకు తిప్పుకుంది. అదీ అడగలేదు నేను.

మగ్గానికి ఎక్కించిన నిలువుపోగుల పడుగు అయిపోయేదాకా దాని మీద ఒకదాని తర్వాత ఒకటి చీరలు నేస్తారు. రెండు చీరలంటే నెల. నాకు నాలుగు మంగళవారాలు.

మొదటి వారమే నా ఉత్తర్వు జారీ చేశాను. ఆమెను మగ్గం ముట్టనివ్వొద్దు, విశ్రాంతి కావాలి, ప్రతి వారం నా దగ్గరికి తీసుకురండి. కోడలి జాగాలో ముసలమ్మే గుంటలో దిగి అంచు నాడె వేయడం మొదలుపెట్టింది.

కోడలు వచ్చి కుర్చీలో కూర్చునేది. నేను ఎదురుగా కూర్చునేదాన్ని, మోకాళ్లకు మోకాళ్లు తగిలేంత దగ్గర. ఆమె కళ్లలోకి చూస్తూ మెల్లగా మాట్లాడేదాన్ని. నీ బాధ నాకు తెలుసు అన్నాను. బిడ్డ పోవడంలో నీ తప్పు లేదు అన్నాను. ఏడవాలనిపిస్తే ఏడువు అన్నాను. కాగితం, కలం ఇచ్చాను. ఆమె కాగితం అంచును వేలితో తడిమి చూసి, పక్కన పెట్టింది. గోడ మీద మందుల కంపెనీ క్యాలెండరు వైపు చూస్తూ గంటసేపు కూర్చుని లేచి పోయేది. రెండో వారమూ అంతే.

మూడో వారం నేనే వాళ్లింటికి పోయాను. ముందుగదంతా మగ్గమే. గుంటలో మొగుడు, పక్కన ముసలమ్మ. మొగుడు తల ఎత్తలేదు. కోడలు లోపలి గడప మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉండే చేతులకు పని లేకపోతే ఎంత దిక్కులేనివిగా కనిపిస్తాయో అప్పుడు చూశాను. చూసి కూడా నా ఉత్తర్వు వెనక్కి తీసుకోలేదు.

మొగుణ్ని అడిగాను. "ఎందుకు మాట్లాడడం లేదంటావ్?"

"ఆమెనడుగుండ్రి" అన్నాడు, నాడె ఆపకుండా.

ఆడదాని మౌనానికి కారణం మగవాడు అన్న తీర్పు ఒకటి నా సంచిలో ఎప్పుడూ రెడీగా ఉండేది. చాలాసార్లు అది నిజమే అవుతుంది. దానితో ఇబ్బందే అది. ఆ రోజు వాడి మీద ఆ తీర్పు ఇచ్చేసి బయటికి వచ్చాను. వీధిలో ముసలమ్మ వెంటే వచ్చింది.

"బిడ్డా, ఒక మాట అంట, కోపం చెయ్యకు. ముఖం ముంగట ముఖం పెట్టి, కండ్లల్ల కండ్లు పెట్టి కూసుంటే ఎవ్వరన్న మాట్లాడ్తరా? పోలీసోళ్లు గద గట్ల కూసోవెట్టేది."

"అది పద్ధతమ్మా. చదువుకుని వచ్చాను."

"సదువుకున్నవ్, కాదనను. నా మొగుడు, నేను నలభై ఏండ్లు ఒక్క గుంటల కూసున్నం. వాని ముఖం నేను సక్కగ చూసింది వాడు సచ్చినంకనే. గని మాట్లాడని దినం లేదు. మాకు మాట పని మీదనే వస్తది."

"పని వల్లే ఆమెకు ఈ గతి పట్టింది" అన్నాను. గట్టిగానే అన్నాను. ఇద్దరికిద్దరం వీధిలో నిలబడి కొట్లాడుకున్నాం. పక్కింటి అరుగు మీద దారం చుడుతున్న ఆడవాళ్లు చేతులు ఆపి విన్నారు. నేనే గెలిచాననుకుంటాను. చదువుకున్నవాళ్లం వాదనలో గెలవడానికే కదా చదివింది.

నాలుగో మంగళవారం నేను పోయేసరికి పడుగు అయిపోయింది. శనివారమే ఆఖరి చీర కోశారట. పెద్దకొడుకు అయిజకు కబురు పంపాడు. మధ్యాహ్నం బస్సుకు అన్న వచ్చి చెల్లెల్ని తీసుకుపోవాలి. గడువు ఇక ఆ పూటే.

ఇంట్లో అడుగుపెట్టి నిలబడిపోయాను. నా ఉత్తర్వును గాలికి వదిలేసి, ముసలమ్మ కోడలిని మగ్గం దగ్గర కూర్చోబెట్టింది. నేత పని కాదు. పడుగు అయిపోయినప్పుడు పాత పోగుల కొసలను అట్లాగే, దువ్వెనలాంటి అచ్చులో ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. ముడి వేయరు, రెండు కొసలు కలిపి బూడిద అద్దిన వేళ్లతో మెలేస్తారు. అట్లా వేల పోగులు. తెల్లవారి మొదలుపెడితే పొద్దు గూకుతుంది. అత్త కుడి అంచు నుంచి, కోడలు ఎడమ అంచు నుంచి నడుమకు వస్తున్నారు. కొత్త పడుగును బిగువుగా పట్టుకుని మొగుడు ఇటు వీపు తిప్పి వాకిలి దగ్గర కూర్చున్నాడు.

పెద్దకొడుకుకు ముసలమ్మ చెప్పిన సాకు ఏమిటంటే, తనకు కళ్లు ఆనడం లేదు, కోడలు లేకపోతే పడుగు అతికే దిక్కు లేదు, ఈ ఒక్క పని చేయించుకుని పంపుదాం అని. కాసేపట్లోనే చూశాను, ఆమె పోగుల వైపు చూడకుండానే అతుకుతోంది. కళ్లతో ఆమెకు పనే లేదు. కోడలి కోసం ఒక పూట సంపాదించింది, అంతే.

"నేనేం చెప్పాను, మీరేం చేస్తున్నారు?" అన్నాను.

"కొట్లాడనీకొచ్చినవా, కూసోనీకొచ్చినవా?" అంది తల ఎత్తకుండా. "కొట్లాడనీకైతే జర ఆగు, పొద్దుగూకినంక తీరువడిగ కొట్లాడుదాం. కూసోనీకైతే గా బూడిద ఇటు తే."

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఇద్దరి నడుమ ఇరికించారు. అంచుల పట్టుపోగులు నన్ను ముట్టనివ్వలేదు. నడుమ నూలుపోగులు నాలుగు చేతికిచ్చి, ఎట్లా మెలేయాలో ముసలమ్మ ఒక్కసారి చూపించింది. మొదట్లో అలవాటు కొద్దీ మాట్లాడబోయాను. "పోగు తప్పుతది" అంది. మళ్లీ నోరు తెరిచాను. మోకాలితో నా మోకాలిని ఒక్క పోటు పొడిచింది. ఊరకున్నాను. నా జీవితంలో మెలకువగా ఉండి గంటసేపు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదటిసారి.

అప్పుడు వినిపించడం మొదలైంది. ముసలమ్మ మాట్లాడుతూనే ఉంది. ఎవరితోనో కాదు, పోగులతో. పక్కింటామె పెట్ట గుడ్లు ఎక్కడెక్కడో పెడుతోందట. గోపాల్‌పేట నుంచి వచ్చిన వేరుశనక్కాయలో తాలు ఎక్కువట. ఒక మాట అని ఆపేది. ఆ ఆపిన చోట ఒక మనిషి పట్టేంత జాగా ఉండేది. కోడలు అందులోకి రాకపోతే, రానందుకు ఏమీ అనుకోకుండా, రెండు పోగులు అతికి ఇంకో మాట అనేది. మళ్లీ ఆపేది. ముఖం వైపు చూడలేదు, జవాబు కోసం చెవి రిక్కించలేదు. నా గురువు రెండేళ్లు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన పాఠం నా కుడి పక్కన నడుస్తోంది. ఆ బూడిద చేతుల వైపు గుళ్లో దీపాన్ని చూసినట్టు చూశాను.

ఎంతసేపయ్యిందో. ఎడమ నుంచి ఒక వేలు వచ్చి నేను అతికిన పోగును మెల్లగా లాగింది. అది తెగింది. ఇంకొకటి లాగింది. అదీ తెగింది.

"ఈమె అతికినయన్ని తెగుతయి" అంది కోడలు.

గొంతు తుప్పు పట్టిన గడియ తీసినట్టు ఉంది. నేను ఎగిరి గంతేయబోయాను. ముసలమ్మ మోకాలు నా మోకాలిని కదలనివ్వలేదు. ఆమె చేతులు ఆగలేదు, గొంతు మారలేదు. రెండు నెలలుగా ఎదురుచూస్తున్న మాట అది, పక్కింటి పెట్ట గుడ్డు పెట్టినంత మామూలుగా అందుకుంది.

"తెగనీ. పాపం, పట్నం చేతులు. మల్ల అతుకుదువు గని."

కోడలు నావి తీసేసి మళ్లీ అతికింది. కాసేపాగి ముసలమ్మ అంది, "అతుకుతే ఏదతకది? నీ మొగడు కోసినకాడ గుడ అతికె."

కోడలి చేతులు ఆగాయి. వాకిలి దగ్గర వీపు కూడా బిగుసుకుంది. నాకు ఒక్కదానికే ఏమీ అర్థం కాలేదు.

"ఎందుకు కోసిండు?" అంది కోడలు.

"నాకేమెరుక? నేనడగలె. కోసినట్టు చూసిన, ఊకున్న. ఆడనే ఉన్నడు గద, అడుగు."

కోడలు అడగలేదు. పోగుల వైపు చూస్తూ తనే చెప్పింది. "మైల పడ్డదని కోసిండు. నేను చెయ్యి పెట్టి నేసిన చీర. సచ్చిన కడుపు మోసిన దాని చెయ్యి అని కోసి పారేసిండు."

"ఎవరన్నరు గట్ల?" వాకిలి దగ్గర నుంచి మొగుడి గొంతు. ఇటు తిరగలేదు.

"ఎవరనాలె? నాకు కండ్లు లేవా? ఆరో పువ్వు కాడ ఇడిసిపెట్టి పోయిన. ఒచ్చి కూసుంటే మొదటి పువ్వు ఉన్నది. కొత్త చీర మొదలువెట్టి ఉన్నది. నా చీర ఏడవోయె?"

అప్పుడు అర్థమైంది నాకు. నొప్పులు వచ్చిన పూట ఆమె ఆరో పువ్వు బొమ్మ వరకు నేసి వెళ్లిన చీరను మొగుడు సగంలోనే కోశాడు. నేతవాళ్లు మగ్గం మీద చీరను సగంలో కోయరు. ఇల్లు కాలినా కోయరు. ఆ ఇంట్లో ముగ్గురూ నేతవాళ్లే. ముగ్గురూ ఆ కోత చూశారు. ముగ్గురూ దానిలో ఏదో చదువుకున్నారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. నేను ఆ మగ్గం పక్కనే నిలబడి మొగుణ్ని ప్రశ్నలు వేశాను. నాకు అది ఉత్త బట్టగానే కనిపించింది.

నేను నోరు తెరవలేదు. ఈసారి మోకాలు అక్కర రాలేదు.

"చుట్టనీకి కోసిన" అన్నాడు మొగుడు.

"ఏం చుట్టనీకి?"

"పిల్లను." వాడి చేతిలోని పడుగు సడలింది, మళ్లీ బిగువుగా పట్టుకున్నాడు. "దవాఖాన్ల ఒక తెల్లగుడ్డల పెట్టి ఇచ్చిండ్రు. సలికాలమాయె. గంత పల్చటి గుడ్డల మట్టిల ఎట్ల పెడ్త? ఇంటికొచ్చి చూసిన. పాత పంచెలున్నయి. పాతదాండ్ల పెట్టబుద్ధి కాలె. నువ్వు నేసింది మగ్గం మీద ఉండె. కోసిన."

"పిల్లనా?" అంది ఆమె. ఆడో మగో కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు.

"ఆ, ఆడపిల్ల. ముక్కు నీ లెక్కనే."

పోగులు కదలడం లేదు.

"మొత్తం చుట్టినవా?"

"మొత్తం. అంచు పైకొచ్చేటట్టు చుట్టిన."

"పట్టంచు?"

"పట్టంచే."

ఆమె బూడిదలో వేళ్లు ముంచి ఇంకొక పోగు అందుకుంది. అతికింది. ఇంకొకటి. కళ్ల నుంచి నీళ్లు పోగుల మీద పడుతున్నాయి. తడిసిన పోగు మెలి తిరగదు కాబట్టి మోచేత్తో ముఖం తుడుచుకుని మళ్లీ అతికింది. ముసలమ్మకు కూడా ఈ సంగతి అప్పుడే తెలిసింది. కొడుకు వీపు వైపు చూసి, "నీ నోట్ల మన్నువొయ్య. ఒక్క మాట జెప్పనీకేమాయెరా?" అంది.

"సగంల కోస్తే పాపమంటరు గద. నువ్వు తిడ్తవనుకున్న."

"తిడ్దును" అంది ముసలమ్మ. "తిట్టి ఊకుందును."

నేను నడుమ కూర్చుని ఉన్నాను, వేళ్ల నిండా బూడిద. చదువుకునే రోజుల్లో మనసు లోతుల గురించి ఎన్ని పాఠాలు విన్నానో, ఎన్ని పరీక్షలు రాశానో. ఆ ఒక్క పూటలో చూసినంత లోతు మళ్లీ ఎక్కడా చూడలేదు. భార్య చేతి పని మీద ఒక మగవాడికి ఉన్న గౌరవాన్ని ఆమె అసహ్యంగా చదువుకుంది. ఆ గౌరవాన్నే వాడు తప్పుగా భావించి దాచుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఆ కోత మీద అతికిన పోగులతోనే నేస్తూ పోయారు. మనుషులు ఇంత మోయగలరని, ఇంత మోసి కూడా నాడె తప్పకుండా వేయగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత ఎప్పుడో హైదరాబాదులో ఒక సభలో ఈ సంగతి చెబితే, ఒకాయన లేచి "ఈ పద్ధతికి పేరేమిటండీ?" అని అడిగాడు. నేనిచ్చిన జవాబు ఇక్కడ రాస్తే అచ్చు వేయరు. ఇంకొకావిడ, అయితే పనే అసలు మందు అన్నమాట అంది. ఆవిడతో నా కొట్లాట ఇంకా తెగలేదు. పని మందు కాదు. మగ్గం ముందు కూర్చుని చితికిపోయిన ఆడవాళ్లు నా దగ్గరికే ఎంతమంది వచ్చారో. ఈమెకూ ఆ పూటతో రోగం కుదరలేదు. తర్వాత ఆరు నెలలు నా దగ్గరికి వచ్చింది. నిద్ర పట్టక డాక్టరుగారి మాత్రలు మింగింది. కొన్ని మంగళవారాలు ఏడుస్తూనే కూర్చుంది, నేను పక్కన, ఎదురుగా కాదు, పక్కన కుర్చీ వేసుకుని ఊరకున్నాను. మనిషి తన మాట తాను చెప్పుకోగల చోటు ఎక్కడుందో వెతకాలి అంటాను నేను. అది మగ్గం కావచ్చు, ఇంకొకరికి బావిగట్టు కావచ్చు. మన కుర్చీనే ఆ చోటు అనుకోవడం మన అహంకారం. నా అహంకారం, సరే.

ఆ రోజు మధ్యాహ్నం పోగులు ఇంకా సగం మిగిలి ఉండగానే అన్న దిగాడు, చంకలో సంచితో. వెంట పెద్దకొడుకు. అన్న గడపలో నిలబడి, అలవాటైపోయిన జాలితో, వినబడదనుకున్నాడో ఏమో గట్టిగా అరిచాడు. "చెల్లే. పోదాం లే. బట్టలు సర్దుకో."

"గంతగనం ఒర్లకు, వినొస్తున్నది" అంది ఆమె.

అన్న సంచి జారిపోయింది. పెద్దకొడుకు తల్లి వైపు, తమ్ముడి వైపు, చివరికి నా వైపు చూశాడు, ఏదో మోసం జరిగినట్టు.

"మాట్లాడ్తున్నది" అన్నాడు అన్న.

"మాట్లాడ్తె ఏమాయె?" పెద్దకొడుకు తమాయించుకున్నాడు. "ఒక్క పూట మాట్లాడ్తది, మల్ల మూస్కుంటది. అనుకున్న మాట అనుకున్నట్టు కానీయాలె. పోయేది ఉంటే ఇప్పుడే పోవాలె, కొత్త పడుగు ఎక్కినంక నడుమిట్ల ఇబ్బంది."

నా నాలుక మీదికి ఒక పెద్ద ఉపన్యాసం వచ్చింది. పళ్ల వెనకే ఆపాను. ఆ మాట నాది కాదు.

ఆమె లేచింది. చేతులు కడుక్కోలేదు. మొగుడి పక్కన పోయి నిలబడి, "ఏడ పెట్టినవో చూపియ్యి" అంది.

"వాగవుతల. తుమ్మచెట్ల కాడ."

"నడువు." అన్న వైపు తిరిగింది. "నువ్వు గుడ రా అన్నా. మేనమామవు గద."

ఆ మాటకు అన్న ముఖం ఒక్కసారిగా చిన్నపిల్లాడిలా అయిపోయింది. తను ఎవరికో మేనమామ అయ్యాడని అతనికి అప్పటిదాకా తట్టలేదు. సంచి అక్కడే వదిలేసి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. మొగుడు పడుగు కొసను గుంజకు కట్టి లేచాడు. ముగ్గురూ వీధిలోకి దిగారు. మొగుడు ముందు, ఆమె వెనక, ఆ వెనక అన్న. దారం చుట్టే ఆడవాళ్లు లేచి నిలబడి దారి ఇచ్చారు. వాళ్లలో ఒకామె ఏమీ అడగకుండా చేతిలోని కండె కింద పెట్టి వాళ్ల వెంట నడిచింది. తర్వాత ఇంకొకామె.

పెద్దకొడుకు గడపలోనే నిలబడిపోయాడు. "ఏందమ్మా ఇది? పోతున్నదా, ఉంటున్నదా? ఏదో ఒకటి చెప్పుండ్రి."

ముసలమ్మ కోడలు వదిలిన ఎడమ అంచు వైపు జరగలేదు. తన కుడి పక్క పోగులే అతుక్కుంటూ, "పోయి ఒస్తది" అంది. "ఆ జాగల ఎవ్వరు కూసోకుండ్రి."